ఊరికే అడుగుతూ ఉండే పెట్టె

ప్లగ్గు పీకి సొంత మామగారిని నూటయాభై మైళ్ళ అవతలికి విసిరేసిన అల్లుడు ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆయన బస్టాండులో తీగల పని చూస్తాడు.

సరే, నూటయాభై అనేది కాస్త ఎక్కువే. దారిలో ఒక వాగు, ఒక రైల్వే గేటు, రెండు టీ కొట్లు తగిలేంత దూరం అనుకోండి. విసిరేయడం కూడా నిజానికి జరగలేదు. మామగారు తన కాళ్ళతో తానే నడిచి, తానే మెట్లెక్కి, కిటికీ పక్క సీటు చూసుకుని మరీ కూర్చున్నారు. ప్లగ్గు మాత్రం అల్లుడే పీకాడు. అందులో ఒక్క అక్షరం తగ్గించడానికి వీల్లేదు.

బస్టాండులో ఆయన్ని అందరూ తీగలాయన అంటారు. మెట్ల కింద ఏటవాలు గది ఆయనది. లేచి నిలబడిన ప్రతిసారీ తల పైకప్పుకు తగిలేది. తగిలి తగిలి ఆ సున్నం మీద ఆయన తల ఆకారంలో గుంట పడిందనీ, ఇప్పుడు లేస్తే తల అందులో టోపీలో దూరినట్టు దూరుతుందనీ చెప్పుకుంటారు. ఆ గదిలోంచే బస్టాండు తీగలన్నీ బయలుదేరతాయి. టికెట్ల కౌంటర్లకు, కెమెరాలకు, స్తంభాల మీద స్పీకర్లకు, అన్నిటికీ అక్కడే మూలం.

ఆ స్పీకర్లలో వినిపించే గొంతు ఆయన భార్యది. ఆమెను మైకమ్మ అంటారు. రెండో అంతస్తులో అద్దాల గదిలో కూర్చుని ఏ బండి ఎక్కడికి, ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెబుతుంది. ఇంట్లో ఆమెకు మైకు అవసరం లేదని తీగలాయన అంటూ ఉంటాడు, ఆమె పక్కన లేనప్పుడు.

ఇక మూడో మనిషి మామగారు. పెద్ద డ్రైవరుగారంటే ఆ బస్టాండులో తెలియనివాళ్ళు లేరు. జీవితమంతా అక్కడి బండ్లే తోలి రిటైరయ్యారు. తర్వాత ఆయన జ్ఞాపకం ఒక్కో సీటే ఖాళీ చేసుకుంటూ దిగిపోయింది. పొయ్యి వెలిగించి మరిచిపోతున్నారని ఇంట్లో ఒంటరిగా వదలడం మానేశారు. పొద్దున్నే కూతురూ అల్లుడూ వెంటబెట్టుకొచ్చి ఏడో ప్లాట్‌ఫారంలో స్తంభం కింద బెంచీ మీద కూర్చోబెట్టేవారు.

కూర్చోబెట్టడం తేలికే. ఆయన కూర్చునే ఉండడమే కష్టం. కాసేపు గడిస్తే చాలు, కాలరు సర్దుకుని లేచేవారు.

"నా బండి వచ్చిందా?"

"రాలేదు మామయ్యా, కూర్చోండి."

"వచ్చిందేమో చూసొస్తా."

ఇలా ఆయన ఒకసారి డీజిలు బంకుదాకా, ఇంకోసారి సరాసరి డ్రైవరు సీట్లోకీ వెళ్ళిపోయాక మైకమ్మకు ఒక ఉపాయం తట్టింది. బండ్ల వివరాలు చెప్పడం పూర్తికాగానే అదే గొంతుతో ఇంకో మాట కలిపేది: "పెద్ద డ్రైవరుగారూ, మీ బండి ఇంకా రాలేదు. కూర్చునే ఉండండి."

అంతే. పైన స్పీకరు చెప్పగానే పెద్దాయన తల ఊపి, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకునేవారు. మనుషుల మాట వినరు గానీ స్పీకరు మాట అంటే ఆయనకు డ్యూటీ. బస్టాండు అజమాయిషీ చూసే కంట్రోలరుగారు ఈ సంగతి తెలిసీ తెలియనట్టు ఫైలు చూసుకునేవారు. ప్రయాణికులు కూడా అలవాటుపడిపోయారు. ఆ మాట రాగానే అదెవరి కోసమో తెలిసినట్టు బెంచీ వైపు చూసి నవ్వుకునేవారు.

ఇక్కడ కాస్త యంత్రాల సంగతి చెప్పుకోవాలి. భయపడాల్సిందేమీ లేదు, బడిలో హాజరు పిలవడం తెలిసినవాళ్ళకు ఇదీ తెలిసినట్టే.

అద్దాల గదిలోంచి మైకమ్మ గొంతు ఒక్క తీగలోనే బయలుదేరుతుంది. మెట్ల కింద గదిలో స్విచ్చి అనే పంపకాల పెట్టె ఉంటుంది. అది ఆ గొంతును ఎన్ని కావాలంటే అన్ని నకళ్ళు తీసి, కావాలన్న వాళ్ళకే పంపుతుంది. టికెట్ల కౌంటరు తీగలో ఆమె గొంతు పడేస్తే అక్కడ పని మందగిస్తుంది కదా. అందుకని ఏ స్పీకరయినా కరెంటు రాగానే "ఈ గొంతు నాకూ కావాలి" అని ఒక మాట పంపుతుంది. స్విచ్చి ఆ తీగకు గుర్తు పెట్టుకుంటుంది.

అయితే అది వానలో సుద్దముక్క గుర్తు. నాలుగు నిమిషాలు దాటితే చెరిగిపోతుంది. స్పీకరు చెడిపోయిందో, ఎవరైనా ఊడబీకారో, ఎవరికి తెలుసు? అందుకని మధ్యమధ్య ఎవరో ఒకరు అడుగుతూ ఉండాలి: "ఈ గొంతు ఇంకా ఎవరికైనా కావాలా?" అప్పుడు స్పీకర్లు ఒకదాని మీద ఒకటి పడకుండా, తలా ఒక క్షణం ఆగి, "నాకు", "నాకు" అంటాయి. గుర్తులు మళ్ళీ పడతాయి. అడగడం ఆగితే చెప్పడం ఆగుతుంది. చెప్పడం ఆగితే స్విచ్చి అందరినీ మరిచిపోతుంది. మైకులో మాట్లాడే మనిషికి మాత్రం ఇదేదీ తెలియదు. ఎంతమంది వింటున్నారో, అసలు ఎవరైనా వింటున్నారో లేదో ఆ తీగలో వెనక్కి ఒక్క ముక్క రాదు.

ఆ బస్టాండులో అడిగే పని ఒక పాత పెట్టెది. కొత్త స్విచ్చిలు వేరే ఊరి కంపెనీ వాళ్ళు పెట్టి వెళ్ళారు. వాటిని సర్దే రహస్య పదం వాళ్ళ దగ్గరే ఉంది. "ఇల్లు నాది, తాళంచెవి వాళ్ళది" అనేవాడు తీగలాయన. పాత పెట్టె మాత్రం ఆయనదే. దాని ఫ్యాను పడిశం పట్టినవాడిలా రొద చేసేది. దాని గుండా వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. రెండేసి నిమిషాలకు ఒక దీపం మిణుక్కుమనేది, అంతే.

తనిఖీకి పై అధికారులు వస్తున్నారు, వాడని సామాను తీసేయమని ఆజ్ఞ వచ్చింది. తీగలాయన పాత పెట్టెను అటూ ఇటూ చూశాడు.

"మా మామగారిలాగే ఉంది నీ వరస" అన్నాడు దానితో. "ఊరికే అడగడం తప్ప ఇంకో పని లేదు."

ప్లగ్గు పీకాడు. చెవి రిక్కించాడు. పైన స్పీకరు లక్షణంగా మాట్లాడుతూనే ఉంది. సుద్దగుర్తులు ఇంకా చెరగలేదు కదా మరి. "చూశావా, నువ్వు లేకపోయినా ఎవరికీ ఏమీ కాలేదు" అని దాన్ని చంకన పెట్టుకుని టీ కొట్టుకు తీసుకెళ్ళాడు. టీ కొట్టాయన పొయ్యి బల్లకు ఒక కాలు పొట్టి. దాని కింద పెట్టుకోవడానికి ఏదైనా బరువైంది ఇమ్మని ఎన్నాళ్ళుగానో అడుగుతున్నాడు.

శబ్దం వస్తే ఎవరైనా తల తిప్పుతారు. శబ్దం ఆగితే తల తిప్పేవాళ్ళు తక్కువ. తీగలాయన రెండో టీ ఊదుకుంటూ ఉండగా కంట్రోలరుగారు చొక్కా గుండీలు ఊడేలా పరుగెత్తుకొచ్చారు.

"ఏమయ్యా తీగలూ, ఇంట్లో గొడవపడ్డారా? మీ ఆవిడ నోరు విప్పడం లేదు. జనం ఒక బండికి బదులు ఇంకో బండి ఎక్కుతున్నారు!"

తీగలాయన తలెత్తి రెండో అంతస్తు వైపు చూశాడు. అద్దాల వెనక భార్య పెదవులు కదులుతున్నాయి. ఆమె చెబుతూనే ఉంది. బయట ఒక్క స్పీకరూ పలకడం లేదు. పక్కన స్పీకరుంటే మైకు కూత పెడుతుందని ఆమె గదిలో ఒక్కటీ పెట్టలేదు కాబట్టి ఆ సంగతి ఆమెకు తెలియదు.

గ్లాసు అక్కడే పెట్టి పరుగు తీశాడు. మొదటి ప్లాట్‌ఫారం స్తంభం దగ్గర స్పీకరుకు కరెంటు ఆపి, వేశాడు. "…కూర్చునే ఉండండి" అంది స్పీకరు. ఊపిరి పీల్చుకుని రెండో స్తంభం దగ్గరికి వెళ్ళాడు. ఆపి, వేశాడు. పలికింది. మూడోది, నాలుగోది. అలా ఆరు దాకా వచ్చేసరికి వెనక మొదటిది గొంతు మూసుకుంది. వెనక్కి పరుగెత్తి దాన్ని లేపేసరికి రెండోది పడుకుంది. చంటిపిల్లలు నిండిన ఇంట్లో ఒకర్ని నిద్రపుచ్చితే ఒకరు లేస్తారే, ఇది దానికి తిరగేసిన వ్యవహారం.

అంతలో జేబులో ఫోను మోగింది. భార్య.

"ఏవండీ, ఏమిటా పరుగులు? పైనుంచి చూస్తుంటే కోడిని తరుముతున్నట్టున్నారు."

"ఏం లేదు. స్పీకర్లకు దుమ్ము పట్టింది, దులుపుతున్నా."

"మా నాన్న కూర్చునే ఉన్నారా? నాకు స్తంభం అడ్డం."

తీగలాయన మెడ చాచి చూశాడు. ఏడో ప్లాట్‌ఫారం ఇంకా రెండు బండ్ల అవతల ఉంది. ఫోను చేత్తో మూసి గట్టిగా కేకేశాడు.

"మామగారు ఉన్నారా?"

"ఉన్నారు, ఉన్నారు!" అని అటునుంచి సంచులమ్మే ఆయన గొంతు వచ్చింది.

"ఉన్నారట" అన్నాడు తీగలాయన ఫోనులో.

"హమ్మయ్య" అని ఆమె మళ్ళీ మైకు దగ్గరికి వెళ్ళింది, ఇంకా మృదువుగా, ఇంకా ధైర్యంగా చెప్పడానికి. పెద్ద డ్రైవరుగారూ, మీ బండి ఇంకా రాలేదు.

తీగలాయన కంపెనీకి ఫోను చేశాడు. చాలాసేపు సంగీతం వినిపించాక ఎవరో మర్యాదస్తుడు పలికాడు.

"మా దగ్గర అన్నీ పచ్చదీపాలే కనిపిస్తున్నాయి సార్. సమస్యేమీ లేదు."

"బాబూ, దీపాలు పచ్చగానే ఉన్నాయి. మాటే రావడం లేదు."

"మీ ఫిర్యాదు రాసుకున్నాం సార్. మా మనిషి వస్తారు."

"ఎప్పుడు?"

"వస్తారు సార్."

ఫోను పెట్టేశాక మెట్ల కింద గదిలో ఖాళీ అయిన అర వైపు చూస్తూ నిలబడ్డాడు. అక్కడ దుమ్ము లేని నలుచదరం ఒకటి మిగిలింది. ఎప్పుడూ ఉండే రొద లేదు. అప్పుడు అర్థమైంది. స్పీకర్లు చావలేదు, తీగలు తెగలేదు. అడిగేవాళ్ళు లేరు, అంతే.

టీ కొట్టుకు పరుగెత్తాడు.

"పెట్టె ఇచ్చేయ్!"

"ఇచ్చిన సామాను మళ్ళీ అడగడం ఏం పద్ధతయ్యా? అది తీస్తే నా పొయ్యి ఒరుగుతుంది."

"ఒరిగితే ఒరగనీ. నేను పట్టుకుని నిలబడతా కావాలంటే, సాయంత్రం దాకా!"

"నువ్వు నిలబడితే పెట్టెను ఎవరు మోస్తారు?"

తీగలాయన మోసేవాడి కోసం నిజంగానే దిక్కులు చూశాడు. చివరికి టీ కొట్టాయన గొణుక్కుంటూ బల్లకింద ఇటుకలు తోసి పెట్టె ఇచ్చాడు. అప్పటికే కెటిలు ఒకసారి దాని మీద దింపినట్టుంది, మూత మీద గుండ్రంగా కాలిన మచ్చ పడింది.

ప్లగ్గు పెట్టాడు. పాత పెట్టెలు మెలకువ రావడానికి ఒళ్ళు విరుచుకుంటాయి. ఫ్యాను తిరిగింది. దీపం వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది. తీగలాయన దాని ముందు చేతులు నులుముకుంటూ, పరీక్ష ఫలితం కోసం గోడ దగ్గర నిలబడ్డ పిల్లాడిలా నిలబడ్డాడు. చేయడానికి ఏమీ లేదు. అరిస్తే అది తొందరపడదు, తడితే తొందరపడదు.

దీపం మిణుక్కుమంది. అడిగింది.

ముందు దూరంగా ఎక్కడో మరుగుదొడ్ల దగ్గర స్పీకరు పలికింది. తర్వాత రెండో ప్లాట్‌ఫారం. ఆ తర్వాత ఒకేసారి రెండు మూడు. అలా తలా ఒక క్షణం తేడాతో బస్టాండంతా మైకమ్మ గొంతు మేలుకుంది. తీగలాయన నవ్వుతూ ఏడో ప్లాట్‌ఫారానికి నడిచాడు. పరుగు అక్కర్లేదు ఇక.

స్తంభం మీద స్పీకరు చెబుతోంది, "మీ బండి ఇంకా రాలేదు. కూర్చునే ఉండండి." దాని కింద బెంచీ ఖాళీగా ఉంది.

"ఏరీ మా మామగారు?"

సంచులమ్మే ఆయన తల గోక్కున్నాడు. "ఇక్కడే ఉండాలే! రోజూ ఉంటారు కదా!"

"ఇందాక ఉన్నారన్నావు!"

"రోజూ ఉంటారు కదా అని అన్నాను. చూసి చెప్పమని మీరు అడగలేదు."

పక్కన చెప్పులు కుట్టే ముసలాయన దారం కొరికి, నెమ్మదిగా అన్నాడు. "ఆయన నువ్వు అడగకముందే వెళ్ళిపోయాడు నాయనా. వాగు అవతలి ఊరి బండి ఎక్కాడు. స్పీకరు ఆగింది, ఆయన కాసేపు పైకి చూశాడు, టోపీ పెట్టుకున్నాడు, లేచాడు."

"మరి నేను అడిగినప్పుడు చెప్పలేదేం?"

"ఈయన చెప్పాడుగా ఉన్నాడని. ఒకరు చెప్పాక మళ్ళీ నేనెందుకులే అనుకున్నా."

తీగలాయన బెంచీ మీద కూలబడ్డాడు. రోజూ పొద్దున కంట్రోలరుగారు ఆవరణలో నిలబడి "అందరూ వచ్చారా?" అని అడిగితే ఒక్క కండక్టరు "వచ్చాం" అని అరిచి, మిగతావాళ్ళు ఆవులించడం ఆయన ఎన్నిసార్లు చూశాడో! ఎవరో ఒకరు పలికితే చాలు ఆ బస్టాండులో.

మెట్లెక్కి అద్దాల గది తలుపు తీశాడు. భార్య ఆయన ముఖం చూసి మైకు బొత్తాం ఆపింది.

"ఏమైంది?"

"మామయ్య బండెక్కారు."

"ఎందుకెక్కారు? నేను చెబుతూనే ఉన్నాను కదండీ! ఒక్కసారి కూడా మానలేదు!"

"మానలేదు. బయటికి వినపడలేదు."

"ఎంతసేపటి నుంచి?"

ఆమె మైకు వైపు అదేదో కొత్త వస్తువన్నట్టు చూసింది.

"అయితే ఇంతసేపూ నేను ఎవరికి చెప్పాను?"

కంట్రోలరుగారు ఫోన్లు చేశారు. వాగు దాటాక ఆ దారిలో సిగ్నలు ఉండదు. అవతలి బస్టాండులో ఎవరో ఎత్తి, "ముసలాయనా? ప్రతి బండిలోనూ నలుగురు దిగుతారు సార్, చూస్తాం" అన్నారు. ఆ మాటలో చూడడం ఎంతో తీగలాయనకు తెలుసు. వెంటపడి వెళ్దామంటే, దారిలో ఎదురొచ్చే బండిలోనే ఆయన తిరిగి వస్తుంటే? వెళ్ళకుండా ఉందామంటే, ఆయన అక్కడ దిగి ఎటైనా నడుస్తుంటే? కంట్రోలరుగారు కుర్చీ వేశారు. తీగలాయన కూర్చోలేదు.

మైకమ్మ మాత్రం మళ్ళీ బొత్తాం నొక్కింది. బండ్ల వివరాలు చెప్పింది. చివర ఆ మాట కలిపింది, "కూర్చునే ఉండండి." ఇప్పుడు ప్రతి స్పీకరూ పలుకుతోంది. వినాల్సిన మనిషి ఒక్కరే లేరు.

"ఇప్పుడెందుకు చెబుతున్నావు?" అన్నాడు తీగలాయన.

"మరేం చేయమంటారు?"

ఆయన మెట్లు దిగాడు. మెట్ల కింద గదికి వెళ్ళి, అడుగుతున్న పెట్టె పక్కన నిలబడ్డాడు. తల సున్నానికి తగిలింది. ఆ రోజు నొప్పి కూడా తెలియలేదు.

ఎండ వాలాక ఆ బండి తిరిగి వచ్చింది. కిటికీ పక్కన టోపీ కనిపించింది. తీగలాయన బండి తలుపు దగ్గరికి పరుగెత్తాడు. కండక్టరు దిగుతూనే మొదలుపెట్టాడు.

"మీ మామగారా? బాబోయ్! దారి పొడవునా మా డ్రైవరుకు గేరెప్పుడు మార్చాలో చెప్పారు. అక్కడ దిగమంటే దిగలేదు. స్పీకరు చెప్పాలట. ఆ ఊళ్ళో స్పీకరే లేదు!"

తీగలాయన బండి ఎక్కాడు. "ఎందుకు వెళ్ళారు మామయ్యా?"

"కూర్చోమనే గొంతు ఆగిపోయింది" అన్నారు పెద్ద డ్రైవరుగారు, ఇంత చిన్న విషయం కూడా తెలియదా అన్నట్టు. "అంటే నా బండి వచ్చినట్టే కదా!"

మైకమ్మ మెట్లు రెండేసి చొప్పున దిగి, ఆయాసపడుతూ బండిలోకి వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది. "నాన్నా, దిగండి. ఇంటికెళ్దాం."

ఆయన చెయ్యి మర్యాదగా వెనక్కి తీసుకున్నారు.

"ఎవరమ్మా మీరు? ఏడవకండి. మైకులో మా అమ్మాయి ఉంటుంది. ఆమె చెబితే గానీ నేను దిగకూడదు. డ్యూటీ."

"నేనే నాన్నా. నేనే ఆ అమ్మాయిని."

"ఆమె గొంతు వేరు" అన్నారాయన. "ఆమె పైనుంచి మాట్లాడుతుంది."

మైకమ్మ భర్త వైపు చూసింది. ఆయన నేల వైపు చూశాడు. స్క్రూడ్రైవరుతో బిగించగలిగింది అక్కడేమీ లేదు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని బండి దిగి, మళ్ళీ ఆ మెట్లన్నీ ఎక్కింది. ఆమె వెళ్ళేదాకా పెద్దాయన టోపీ దులుపుకుంటూ కూర్చున్నారు.

స్పీకర్లు గురగురమన్నాయి. తర్వాత గొంతు వచ్చింది, రోజూ వచ్చే గొంతే, ఒక్క జీర లేకుండా. "పెద్ద డ్రైవరుగారూ, మీ డ్యూటీ అయిపోయింది. అల్లుడుగారి వెంట ఇంటికి వెళ్ళండి."

ఆయన లేచారు. దిగుతూ పైనున్న స్పీకరును కండక్టరుకు చూపించి, "మా అమ్మాయి" అన్నారు.

ఆ రోజునుంచి సాయంత్రం ముగ్గురూ ఇంటికి వెళ్ళే తీరు మారిందని చూసినవాళ్ళు చెబుతారు. అల్లుడూ మామా ముందు, కూతురు కాస్త వెనక. ఇంట్లో ముందుగదిలో కూడా చిన్న స్పీకరు ఒకటి వెలిసిందనీ, అన్నానికి రమ్మని ఆమె వంటగదిలోంచి మైకులోనే పిలుస్తుందనీ అంటారు. మెట్ల కింద గదిలో కాలిన మచ్చ ఉన్న పెట్టె మీద ఎవరూ చెయ్యి వేయకూడదట. తనిఖీ అధికారులు అడిగితే, అది గోడను పట్టుకుని ఉందని తీగలాయన చెప్పాడట. స్పీకర్లు ఎందుకు ఆగాయని భార్య ఒకే ఒక్కసారి అడిగింది. అప్పుడప్పుడు ఆగుతాయి అన్నాడట.

అనుమానముంటే వెళ్ళి ఆయన్నే అడగండి. స్క్రూడ్రైవరు చెవి వెనక దోపుకుని, పెట్టెకు అడ్డంగా నిలబడి ఇలా అంటాడు:

"ఎవరు చెప్పారండీ మీకు? నేను ఏ ప్లగ్గూ పీకలేదు. ఈ పెట్టె ఇక్కణ్ణుంచి కదిలిందే లేదు. మచ్చా? అది కొన్నప్పటి నుంచీ ఉంది. మా మామగారు ఆ రోజు బెంచీ మీద నుంచి లేవనే లేదు, మా ఆవిణ్ణి అడగండి కావాలంటే. అడగొద్దులెండి. అలాంటిదేమీ జరగలేదు."